ఇంజను శుభ్రతకు ఆయిల్ డబ్బా: అవసరమా, అలంకారమా?



ఈ రోజు నేను మీతో ముచ్చటించబోయేది కారు బానెట్ కింద పెట్టే ఒక చిన్న డబ్బా గురించి. అరచేతిలో ఇమిడేంత డబ్బా. దానికి రెండు గొట్టాలు, అడుగున ఒక మర ఉంటాయి. ఇంగ్లీషులో దానిని ఆయిల్ క్యాచ్ క్యాన్ అంటారు. మన బళ్ళారి షెడ్లలో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ కలిసి వినబడుతుంటాయి గనుక, అందరికీ తెలిసేలా ఆయిల్ డబ్బా అని పిలుస్తున్నారు. మనమూ అలాగే పిలుచుకుందాం.

ఈ డబ్బా పెట్టిస్తే ఇంజను శుభ్రంగా ఉంటుందని కొందరి మాట. అది ఉత్త దండగ అని మరికొందరి మాట. కారు సొంతానికి వాడుకునేవారికి ఇది సరదా చర్చ కావచ్చు. కానీ కారును అద్దెకు తిప్పుకొని, అప్పు వాయిదాలు కట్టుకొని, ఇల్లు గడుపుకొనేవారికి ఇది సరదా కాదు. ఆ సంగతి నాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది.

మా అక్క కొడుకు సెకండ్ హ్యాండులో ఒక డీజిల్ కారు కొని బాడుగకు తిప్పేవాడు. ఒకనాడు ఫోను చేసి, “మామా, మా మెకానిక్కు ఆయిల్ డబ్బా పెట్టించమంటున్నాడు. నువ్వు సైన్సు చెప్పే అయ్యవారివి కదా, పెట్టించమంటావా?” అని అడిగాడు. నేనేమో పరీక్ష పేపర్లు దిద్దుకునే హడావుడిలో ఉన్నాను. “మంచిదే కదరా, మురికిని పట్టేదైతే పెట్టించు” అన్నాను. ఎందుకు, ఏమిటి, నీ బండికి వచ్చిన కష్టమేమిటి అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ ఒక్క మాట ఎక్కడికి దారి తీసిందో తరువాత చెబుతాను. ముందు అసలు ఈ మురికి ఎక్కడ పుడుతుందో చూద్దాం.

నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నదనుకోండి. ఒక్కొక్క సిలిండరులో రెండు చుట్లకు ఒకసారి ఇంధనం మండుతుంది. అంటే సెకనుకు 25 సార్లు. నాలుగు సిలిండర్లూ కలిపితే సెకనుకు 100 సార్లు. ఆ మండిన వాయువు విపరీతమైన ఒత్తిడితో పిస్టన్‌ను కిందికి తోస్తుంది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు ఆ వాయువు కిందికి జారకుండా అడ్డుపడతాయి. కానీ కుండ మీద మూత ఎంత బిగువుగా పెట్టినా కొంత ఆవిరి సందుల్లోంచి తన్నుకొస్తుంది కదా! అలాగే ఎంత కొత్త ఇంజనులోనైనా కొంత వాయువు రింగుల పక్కనుంచి కిందికి, ఆయిలు ఉండే చాంబరులోకి, దూరుతుంది. దీనినే మన మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అంటారు. అది కొంచెం ఉండటం సహజం. ఎక్కువైతేనే రోగం.

ఇక చాంబరులో ఏం జరుగుతున్నదో ఊహించుకోండి. క్రాంకు గిరగిరా తిరుగుతూ ఉంటుంది. మజ్జిగ చిలికేటప్పుడు కవ్వం చుట్టూ తుంపర్లు లేచినట్టు, వేడి ఆయిలు సన్నని తుంపరగా లేస్తుంది. పైనుంచి జారిన వాయువులో సగం కాలిన ఇంధనం ఉంటుంది, మసి ఉంటుంది, నీటి ఆవిరి కూడా ఉంటుంది. నీరెక్కడిది అంటారేమో. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. అందులో చాలా భాగం సైలెన్సరు గుండా వెళ్ళిపోతుంది. చలికాలం పొద్దున్నే పొగగొట్టం చివర నీటిచుక్కలు కారడం మీరు చూసే ఉంటారు. కొద్ది భాగం మాత్రం కిందికి దిగుతుంది. ఈ ఆవిరీ, వాయువూ చాంబరులోనే నిలవ ఉండిపోతే రెండు చెడుగులు. ఒకటి, ఒత్తిడి పెరిగి ఆయిలు సీళ్ళను బయటికి తన్నుతుంది. రెండు, ఆయిలు చెడిపోయి నల్లని బురదగా మారుతుంది. అందుచేత ఆ వాయువును ఎటో ఒకవైపు బయటికి పంపక తప్పదు.

పూర్వం దీనికి సులువైన దారి ఉండేది. చాంబరు నుంచి ఒక గొట్టం తీసి రోడ్డు వైపుకు వదిలేసేవారు. ఆ పొగంతా గాలిలో కలిసేది, ఆయిలు చుక్కలు రోడ్డు మీద పడేవి. 1950 తరువాతి దశకంలో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరాన్ని కళ్ళు మండించే పొగమంచు కమ్ముకునేది. హాగెన్ స్మిట్ అనే శాస్త్రవేత్త, మోటారు వాహనాలూ ఆయిలు శుద్ధి కర్మాగారాలూ వదిలే ఇంధన ఆవిర్లు ఎండలో మార్పు చెందడమే దానికి కారణమని నిరూపించాడు. అప్పటి కార్ల నుంచి వచ్చే ఆ ఆవిర్లలో సుమారు అయిదో వంతు ఈ చాంబరు గొట్టం నుంచే వస్తున్నట్టు తేలింది. దాంతో 1961 మోడలు నుంచి కాలిఫోర్నియాలో అమ్మే కొత్త కార్లకు, 1963 మోడలు నుంచి అమెరికా అంతటా, ఆ గొట్టాన్ని మూసివేసి వాయువును మళ్ళీ ఇంజనులోకే పంపి కాల్చివేసే ఏర్పాటు వచ్చింది. దానికి ఆధారమైన చిన్న వాల్వునే పి.సి.వి. వాల్వు అంటారు. ఇవాళ మన పెట్రోలు కార్లలో ఏదో ఒక రూపంలో అది ఉంటుంది. డీజిల్ కార్లలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంటుంది.

ఈ ఏర్పాటు గాలికి మేలు చేసింది. చాంబరుకు కూడా మేలు చేసింది. అయితే ఒక చిన్న చిక్కు మిగిలింది. వాయువుతో పాటు ఆయిలు తుంపర కూడా ఇంజను గాలి పీల్చుకునే దారిలోకి వెళుతుంది. అక్కడి గొట్టాల గోడలకు జిడ్డుగా పడుతుంది. ఆ దారి చివర, సిలిండరు ద్వారం దగ్గర, గాలి లోపలికి వదిలే వాల్వులు ఉంటాయి. అవి బాగా వేడిగా ఉంటాయి. వాటి వెనుక భాగం మీద పడిన ఆయిలు ఏమవుతుంది? మన వంటింట్లో పోపు మూకుడును సరిగ్గా తోమకుండా రోజూ పొయ్యి మీద పెడుతుంటే ఏమవుతుందో అదే అవుతుంది. జిడ్డు మాడి, గట్టిపడి, నల్లని పెచ్చుగా పేరుకుంటుంది.

ఇక్కడ శ్రోతలు ఒక ముఖ్యమైన తేడాను గమనించాలి. ఈ డబ్బా గురించిన వాదమంతా ఈ తేడా తెలియకపోవడం వల్లనే వస్తున్నది.

మన రోడ్ల మీద తిరిగే పెట్రోలు కార్లలో ఎక్కువ వాటికి ఎం.పి.ఎఫ్.ఐ. పద్ధతి ఉంటుంది. ఇందులో పెట్రోలును వాల్వుకు ముందు, గాలి దారిలోనే చిమ్ముతారు. ఆ పెట్రోలు వాల్వు వెనుక భాగాన్ని తడుపుతూ లోపలికి వెళుతుంది. కంపెనీల పెట్రోలులో మురికిని కడిగే రసాయనాలు కూడా కొంత కలిపి ఉంటాయి. అంటే వాల్వుకు నిత్యం తలంటు జరుగుతున్నట్టే. పాత కార్బురేటరు బండ్లలోనూ పెట్రోలు ఈ దారినే వెళ్ళేది. ఇలాంటి బండి ఇంజను ఆరోగ్యంగా ఉంటే, ఆయిల్ డబ్బా వల్ల వాల్వులకు ఒరిగేది చాలా తక్కువ.

రెండవ రకం, పెట్రోలును తిన్నగా సిలిండరు లోపలే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లు. 1996లో మిత్సుబిషి కంపెనీ జపానులో ఈ రకం ఇంజనును పెద్ద ఎత్తున కార్లలో పెట్టింది. ఆ తరువాత చాలా కంపెనీలు దీనిని తీసుకున్నాయి. మన దేశంలో టి.ఎస్.ఐ. అనీ, టర్బో జి.డి.ఐ. అనీ పేర్లు రాసి ఉన్న కార్లు ఈ కోవకు చెందినవే. ఇందులో మైలేజీ, పికప్ రెండూ బాగుంటాయి. కానీ పెట్రోలు వాల్వు వెనుక భాగాన్ని తాకనే తాకదు. తలంటు ఆగిపోయింది. జిడ్డు పడటం మాత్రం ఆగలేదు. అందుచేత ఈ ఇంజన్లలో కొన్నింటికి, పదుల వేల కిలోమీటర్లు నడిచాక, వాల్వుల మీద మందంగా పెచ్చు కట్టి, పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు ఇంజను వణకడం, పికప్ తగ్గడం వంటివి కనిపిస్తాయి. 2005లో టయోటా కంపెనీ, వాల్వు ముందు ఒకటి, సిలిండరు లోపల ఒకటి, రెండు చోట్లా పెట్రోలు చిమ్మే ఇంజనును తెచ్చింది. ఇంకొక సంగతి. ట్యాంకులో పోసే ఇంజెక్టర్ క్లీనర్ సీసాలు ఇలాంటి ఇంజనులో వాల్వు పెచ్చును కడగలేవు. పెట్రోలే అక్కడికి వెళ్ళనప్పుడు పెట్రోలులో కలిపిన మందు ఎలా వెళుతుంది?

మూడవ రకం డీజిల్ ఇంజన్లు. వీటిలో ఇంధనం ఎప్పుడూ సిలిండరు లోపలే చిమ్మబడుతుంది. పైగా పొగలో కొంత భాగాన్ని మళ్ళీ లోపలికి తిప్పి పంపే ఇ.జి.ఆర్. అనే ఏర్పాటు ఉంటుంది. ఆ పొగలో మసి ఉంటుంది. ఆ మసి, ఈ ఆయిలు జిడ్డు కలిసినచోట కాటుక ముద్దలాంటి పదార్థం తయారై గాలి దారిని ఇరుకు చేస్తుంది.

ఇప్పుడు డబ్బా దగ్గరికి వద్దాం. చాంబరు నుంచి వాయువు వచ్చే గొట్టాన్ని మధ్యలో కోసి, అక్కడ ఈ డబ్బాను అమరుస్తారు. వాయువు ఒక గొట్టం నుంచి లోపలికి వచ్చి, మరొక గొట్టం నుంచి ఇంజను వైపు వెళ్ళిపోతుంది. ఆయిలు మాత్రం డబ్బాలో మిగులుతుంది. ఎలా? కళ్ళంలో తూర్పారబట్టడం మీకు తెలుసు. పొట్టు తేలిక గనుక గాలి ఎటు తిప్పితే అటు పోతుంది. గింజ బరువు గనుక కింద రాలుతుంది. మంచి డబ్బాలో అడ్డుపలకలు, సన్నని లోహపు జల్లెడ ఉంటాయి. వాయువు చటుక్కున మలుపు తిరుగుతుంది. ఆయిలు తుంపర బరువుకు తిరగలేక, పలకకు కొట్టుకొని, చుక్కగా మారి అడుక్కు జారుతుంది. అన్నం గిన్నె మూతకు ఆవిరి తగిలి చుక్కలు కట్టినట్టే, డబ్బా చల్లగా ఉంటే కొంత ఆవిరి కూడా ద్రవమవుతుంది. ఇదంతా సరైన సైన్సే. ఇందులో మోసమేమీ లేదు.

అయితే నాలుగు మాటలు జ్ఞాపకం పెట్టుకోవాలి.

మొదటిది: బజారులో దొరికే అన్ని డబ్బాలూ ఒకటి కావు. పైకి నిగనిగలాడుతూ, లోపల పలకా జల్లెడా ఏమీ లేని ఖాళీ డబ్బాలు ఉన్నాయి. అవి తుంపరను పట్టేది కొద్దిగానే. మిగతాది వచ్చిన దారినే పోతుంది. కొనేముందు మూత విప్పి చూపించమని అడగండి.

రెండవది: కంపెనీవారు చాలా ఇంజన్లలో టాపెట్ కవరు లోపలే ఆయిలును వేరుచేసే గదులు పెట్టి ఉంటారు. డబ్బా చేసేది ఆ పని మీద అదనపు పని మాత్రమే.

మూడవది: డబ్బాలో ఇంత ఆయిలు పట్టింది చూడండి అని సీసా ఎత్తి చూపించడం రుజువు కాదు. ఆ సీసాలో కొంత నీరు, కొంత ఇంధనం కూడా ఉంటాయి. ఆయిలులో కూడా చాలా భాగం లోపలికి వెళ్ళి కాలిపోయేదే. అంతా వాల్వుకు అంటుకునేది కాదు. పైగా వాల్వు కాడ పక్కనుంచి జారే ఆయిలు, ఇ.జి.ఆర్. మసి వేరే దారుల్లో వస్తాయి. డబ్బా వాటిని ఆపలేదు. కాబట్టి డబ్బా పెచ్చు కట్టడాన్ని నెమ్మదింపజేయగలదు గానీ పూర్తిగా ఆపలేదు. ఇదివరకే కట్టిన పెచ్చును తీయడం దానివల్ల కానే కాదు.

నాలుగవది: డబ్బా కూడా ఒక బాధ్యత. అది నిండితే ఖాళీ చేయాలి. చేయకపోతే నిండిన ఆయిలు ఒక్కసారిగా ఇంజనులోకి పీల్చబడవచ్చు. డీజిల్ బండిలో అది ప్రమాదం. ఇంజను ఆ ఆయిలునే ఇంధనంగా కాల్చుకుంటూ, తాళం తీసేసినా ఆగకుండా పరుగెత్తవచ్చు. జల్లెడ మూసుకుపోతే చాంబరులో ఒత్తిడి పెరిగి సీళ్ళు కారడం మొదలవుతుంది. పెట్రోలు కారులో గొట్టం సరిగ్గా బిగించకపోతే లెక్కలో లేని గాలి లోపలికి దూరి, ఇంజను దీపం వెలుగుతుంది. వారంటీ ఉన్న కారుకు గొట్టం కోస్తే, రేపు ఏదైనా చెడినప్పుడు కంపెనీవారు ఈ డబ్బానే చూపించి తప్పుకోవచ్చు. కొందరు రెండో గొట్టాన్ని ఇంజనుకు కలపకుండా గాలిలోకి వదిలేస్తారు. అది లాస్ ఏంజిలిస్ వారు వదిలించుకున్న పాత తప్పును మనం తెచ్చుకోవడమే. పెట్రోలు కార్లను అమ్మకానికి అనుమతించే పరీక్షల్లో, చాంబరు వాయువు బయటికి రానే రాకూడదన్న నియమం ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బి.ఎస్. 6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక, ఇలాంటి సొంత మార్పులు మరీ తగవు.

ఇక మా మేనల్లుడి సంగతికి వస్తాను.

వాడు డబ్బా పెట్టించాడు. రెండు వారాల తరువాత ఇంటికి వచ్చినప్పుడు ఒక నీళ్ళ సీసా తెచ్చి చూపించాడు. అందులో నల్లని ఆయిలు పావు లీటరు దాకా ఉంది. “చూడు మామా, వారంలో ఎంత పట్టిందో! ఇదంతా ఇంజనులోకి పోయేది కదా. ఇప్పుడు పొగ కూడా తగ్గింది” అన్నాడు సంబరంగా. నేను కూడా సంబరపడ్డాను. శభాష్ అన్నాను.

శ్రోతలారా, ఆ సీసాను చూసి సంతోషించడం కాదు, భయపడవలసింది. ఆరోగ్యంగా ఉన్న ఇంజను వారానికి పావు లీటరు ఆయిలును డబ్బాలోకి తన్నదు. తన్నుతున్నదంటే రింగులు అరిగి, బ్యాక్ కంప్రెషన్ ఎక్కువైందన్న మాట. డబ్బా రోగాన్ని నయం చేయలేదు. రోగం బయటపడే గుర్తును, అంటే పొగను, దాచిపెట్టింది. జ్వరంతో కాలిపోతున్న పిల్లవాడి ఒంటికి తడిగుడ్డ చుట్టి, చల్లబడ్డాడు కదా అని బడికి పంపినట్టయింది.

ఇంకొక చిన్న లెక్క ఉంది. వారానికి పావు లీటరు చొప్పున ఎనిమిది వారాలకు ఎంత? రెండు లీటర్లు. నీరూ గీరూ తీసేసినా లీటరున్నర పైమాటే. ఆ ఇంజనులో పట్టే ఆయిలే మూడు లీటర్ల చిల్లర. నేను ఆరో తరగతి పిల్లలకు రోజూ చేయించే లెక్క ఇది. వాడు చేయలేదు. నేనూ చేయలేదు. వాడు వారం వారం డబ్బాను శ్రద్ధగా ఖాళీ చేశాడు గానీ, డిప్ స్టిక్కు తీసి చాంబరులో ఎంత మిగిలిందో ఒక్కసారి చూడలేదు. డబ్బా ఉంది కదా అన్న ధైర్యం వాడిది.

ఒక రాత్రి గుంతకల్లు రైల్వే స్టేషనుకు బాడుగ వెళ్ళి తిరిగి వస్తుండగా ఆయిలు దీపం ఎర్రగా వెలిగింది. ఇంకెంత దూరం, ఇల్లు చేరుకుందామని వాడు ఆపకుండా నడిపాడు. కాసేపటికి ఇంజను లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడై ఆగిపోయింది. బేరింగులు పట్టేశాయి. విప్పి చూస్తే రింగులు ముందే అరిగిపోయి ఉన్నాయి. ఎయిర్ ఫిల్టరు పెట్టె మూత ఒకవైపు క్లిప్పు విరిగి సరిగ్గా మూసుకోవడం లేదు. మన హోసపేట, సండూరు దారుల్లో ఇనుప ఖనిజం లారీలు లేపే ఎర్రదుమ్ము మీకు తెలియనిది కాదు. తెల్లచొక్కా వేసుకొని వెళితే సాయంత్రానికి కావి రంగుకు తిరుగుతుంది. ఆ దుమ్ము ఆ సందులోంచి దూరి, ఆకురాయిలా రింగులను అరగదీసింది. అసలు రోగం అక్కడ మొదలైంది. మందు అక్కడ వేయవలసింది. ఒక క్లిప్పు ఖరీదెంత? ఇంజను బోరు పనికి అయిన ఖర్చెంత? బండి షెడ్డులో నిలబడ్డ రెండు నెలలూ బ్యాంకు వాయిదా ఆగలేదు. మా అక్క తన గాజులు తాకట్టు పెట్టింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. కానీ వాడు అడిగిననాడు “నీ బండికి కష్టమేమిటిరా?” అని నేను అడిగి ఉంటే, పొగ వస్తున్నదని చెప్పేవాడు. అక్కడే తెలిసిపోయేది.

అందుకే ఆ తప్పు మీరు చేయకుండా, నేను తెలుసుకున్న నాలుగు సంగతులు చెబుతాను.

కారు ఎవరిదైనా, ఎంత కొత్తదైనా, వారానికి ఒకసారి పొద్దున్నే ఇంజను చల్లగా ఉండగా, బండి సమతలంగా నిలబెట్టి, డిప్ స్టిక్కు తుడిచి చూడండి. ఆయిలు రెండు గీతల మధ్య ఉండాలి. కింది గీతకు దిగుతుంటే పోసి ఊరుకోవద్దు, ఎందుకు దిగుతున్నదో కనుక్కోండి. ఆయిలు దీపం ఎర్రగా వెలిగితే ఇంజనును అక్కడికక్కడే ఆపివేయండి. ఇల్లు ఫర్లాంగు దూరంలో ఉన్నా సరే.

ఆయిలు మార్చడం కంపెనీ పుస్తకంలో చెప్పిన గడువు దాటనివ్వవద్దు. పుస్తకంలో చెప్పిన గ్రేడే వాడండి. ఎప్పుడూ ఊరి లోపల రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కారులో ఇంజను పూర్తిగా వేడెక్కదు. నీటి ఆవిరి లోపలే ఉండిపోయి, ఆయిలు పోసే మూత కింద మీగడలాంటి తెల్లని పదార్థం కడుతుంది. అలాంటి కారును వారానికి ఒకసారైనా అరగంట సేపు రోడ్డు మీద నడపండి. ఆ తేమ ఆవిరై పోతుంది. అయినా ఆ తెల్లని పదార్థం తగ్గకపోయినా, రేడియేటరులో నీళ్ళు తగ్గుతున్నా మెకానిక్కుకు చూపించండి.

ఎయిర్ ఫిల్టరు మన ప్రాంతంలో ప్రాణంతో సమానం. పుస్తకంలో రాసిన గడువు మంచి రోడ్లకు. దుమ్ము దారుల్లో తిరిగేవారు ఇంకా ముందే మార్చాలి. మార్చినప్పుడల్లా పెట్టె మూత, క్లిప్పులు, రబ్బరు అంచు సరిగ్గా కూర్చున్నాయో లేదో మీ కళ్ళతో చూసుకోండి.

పి.సి.వి. వాల్వు, దాని గొట్టాలు సర్వీసులో ఒకసారి చూడమనండి. విడిగా ఊడి వచ్చే రకమైతే చేతిలో పట్టుకొని ఆడిస్తే లోపల గలగలమనాలి. శబ్దం లేకపోతే జిడ్డుకు అంటుకుపోయిందన్న మాట. చాలా బండ్లకు అది పెద్ద ఖరీదైన వస్తువేమీ కాదు. ఇంజను లోపల బురద కట్టకుండా కాపాడేది ఈ వాల్వే గానీ, డబ్బా కాదు.

ఇక డబ్బా ఎవరికి పనికొస్తుంది? మీది ఎం.పి.ఎఫ్.ఐ. పెట్రోలు కారైతే ఆ డబ్బును ఆయిలుకూ ఫిల్టరుకూ ఖర్చు పెట్టండి. డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు కారై, వారంటీ గడువు తీరి, ఇంకా చాలా ఏళ్ళు ఉంచుకోవాలనుకుంటే, లోపల పలకలూ జల్లెడా ఉన్న మంచి డబ్బాను, రెండు గొట్టాలూ ఇంజనుకే కలిపే పద్ధతిలో పెట్టించుకోవచ్చు. కొంత మేలు చేస్తుంది. వాల్వుల మీద ఇదివరకే పెచ్చు కట్టి ఉంటే ముందు దానిని తీయించాలి. అక్రోటు కాయల పెంకు పొడిని గాలి ఒత్తిడితో కొట్టి శుభ్రం చేసే పద్ధతి పెద్ద ఊళ్ళ షెడ్లలో ఉంది. ఆ పొడి లోహాన్ని గీరదు, పెచ్చును ఊడగొడుతుంది. డీజిల్ కారుకైతే, ముందుగా ఇ.జి.ఆర్. వాల్వును, బ్యాక్ కంప్రెషన్‌ను పరీక్ష చేయించి, ఇంజను ఆరోగ్యంగా ఉందని తేలాకనే డబ్బా మాట ఎత్తండి.

డబ్బా పెట్టించుకున్నవారు ఒక చిన్న నోటుపుస్తకం బండిలో ఉంచుకోండి. ఖాళీ చేసిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, ఎంత వచ్చిందో రాయండి. ఎప్పుడూ కొద్దిగా వచ్చేది ఒక్కసారి పెరిగితే అది ఇంజను మీకు రాసిన ఉత్తరమని తెలుసుకోండి. నా దృష్టిలో ఆ డబ్బా వల్ల కలిగే పెద్ద ప్రయోజనం ఇదే. తీసిన ఆయిలును మళ్ళీ ఇంజనులో పోయవద్దు, అందులో నీరూ ఇంధనమూ కలిసి ఉంటాయి. కాలువలోనో, ఇంటి వెనుక మట్టిలోనో పారబోయవద్దు. వాడిన ఆయిలును చట్టం ప్రమాదకరమైన వ్యర్థంగా లెక్కిస్తుంది. ఒక క్యానులో పోగుచేసి, పాత ఆయిలును సేకరించే సర్వీసు కేంద్రానికి ఇవ్వండి.

మా మేనల్లుడు మళ్ళీ బండి నడుపుతున్నాడు. కొత్త రింగులు వేశారు. డబ్బాను మాత్రం తీసివేయలేదు. అందులో ఇప్పుడు నెలకు చెంచాడు కూడా పట్టడం లేదట. మొన్న ఫోనులో ఆ మాటే చెప్పి, “ఏమీ రావడం లేదు మామా” అన్నాడు. ఈసారి నేను తొందరపడి శభాష్ అనలేదు. “డిప్ స్టిక్కు చూశావా?” అని అడిగాను. “పొద్దున్నే చూశాను” అన్నాడు.

శ్రోతలారా, మీరు కూడా రేపు పొద్దున ఒకసారి చూడండి.